తొంభై తొమ్మిది రూపాయల చీర

చిరంజీవులైన మనవలకు,

ఆషాఢం వచ్చింది. పేపరు మడత విప్పితే చాలు, రంగురంగుల కరపత్రాలు రాలుతున్నాయి. ఈ నెలలో మనవాళ్లు పెళ్లిళ్లు పెట్టుకోరు కాబట్టి బట్టల కొట్లలో గిరాకీ పడిపోతుంది, నిల్వ సరుకు కదలడానికి తగ్గింపులు పెడతారు. అందులో తప్పు లేదు. నిజంగానే చవకగా దొరికేవీ ఉంటాయి. నా పేచీ అంతా "99 రూపాయలకే చీర" అనే ప్రకటనతోనే.

దానికోసం అమ్మమ్మ వెళ్లిందనుకోండి. "అవి పొద్దున్నే అయిపోయాయమ్మా, పైకి రండి, కొత్త సరుకు దిగింది" అంటారు. మంచినీళ్లిచ్చి, పరుపు మీద కూర్చోబెట్టి, ఒక్కో చీర మడత విప్పి పరుస్తారు. ఎదురుగా అంత గుట్ట పడ్డాక వట్టి చేతులతో లేవడానికి మనకు ప్రాణం ఒప్పదు. వెయ్యి రూపాయలదేదో తీసుకుని బయటపడతాం. కరపత్రంలోని చీర మనల్ని గుమ్మం దాటించడానికే. మిగతా పని మన మొహమాటం చేసిపెడుతుంది! చీరలు విప్పి చూపించడం ఆ కొట్టు అబ్బాయి ఉద్యోగం. "నచ్చలేదు బాబూ" అని లేచి వచ్చేయవచ్చు.

ఇలాంటి ఎర ప్రకటనలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లోనే పగ్గాలు వేసింది. చెప్పిన ధరకు అమ్మే ఉద్దేశం లేకుండా ప్రకటన ఇవ్వకూడదు. సరుకు కొద్దిగానే ఉంటే ఆ సంగతి ప్రకటనలోనే చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు.

ఇప్పుడు ఒక లెక్క. "50% + 20% తగ్గింపు" అంటే 70% అనుకునేరు. వెయ్యి రూపాయల చీర ముందు 500 అవుతుంది, ఆ 500లో 20% తీస్తే 400. తగ్గింది 60 శాతమే. పైగా చీటీ మీద కొట్టేసిన ఆ వెయ్యి ఎవరు వేసిన ధర?

బంగారం కొట్లో "తరుగు లేదు", అంటే నగ చేయడంలో పోయే బంగారానికి డబ్బు తీసుకోం అంటే, వెంటనే మజూరీ (చేతకూలి) ఎంతో అడగండి, రాళ్ల బరువు తీసేసి లెక్క కట్టారో లేదో చూడండి. ఫోనులో సరుకు కొనేటప్పుడు "ఇంకా రెండే ఉన్నాయి, త్వరపడండి" అని చూపించి లేని తొందర పుట్టించడాన్ని కూడా 2023 నవంబరులో నిషేధించారు.

మోసం అనిపిస్తే కరపత్రం, బిల్లు రెండూ దాచి జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య