హెగ్గోడు నీనాసం: వక్కతోటల ఊళ్లో నాటకం ఇన్నేళ్లు ఎలా నిలబడింది

కర్ణాటకలోని నీనాసం అనే నాటక సంఘం మాట ఎత్తితే చాలు అందరూ అవార్డుల గురించే మాట్లాడతారు, గ్రాంట్లు వచ్చాయి కాబట్టి నడిచింది అనేవాళ్లూ ఉన్నారు, కానీ మొదటి ముప్పై ఏళ్లు ఎలా గడిచాయో చూడకుండా ఆ మాట అనేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

కర్ణాటకలో శివమొగ్గ జిల్లా, సాగర తాలూకాలో హెగ్గోడు అని చిన్న ఊరు. చుట్టూ వక్కతోటలు. 1949లో అక్కడి కుర్రాళ్లు కొంతమంది కలిసి నీలకంఠేశ్వర నాట్య సేవా సంఘం పెట్టుకున్నారు, దాన్నే పొట్టిగా నీనాసం అంటారు. వాళ్లలో ముఖ్యుడు కె.వి. సుబ్బణ్ణ, మైసూరులో కన్నడ కవి కువెంపు దగ్గర చదువుకుని కూడా ఊరికే తిరిగొచ్చేసి వక్క సాగు చేసుకుంటూ బతికిన మనిషి. ఆ రోజుల్లో జీతాలేం లేవు, పగలు తోట పని చేసుకునేవాళ్లే సాయంత్రం రిహార్సల్‌కి వచ్చేవాళ్లు. కూడు పెట్టేది తోట కాబట్టి నాటకానికి డబ్బులు రాకపోయినా సంఘం మూతపడలేదు, నా లెక్కలో అసలు కారణం ఇదే.

1973లో ఫిల్మ్ సొసైటీ మొదలైంది. పథేర్ పాంచాలి, రషోమాన్, బైసికిల్ థీవ్స్ లాంటివి పల్లె జనానికి చూపించారు, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి సతీష్ బహదూర్ వచ్చి సినిమా ఎలా చూడాలో క్లాసులు కూడా చెప్పారు. పల్లెటూరోళ్లకి ఇవెక్కడ అర్థమవుతాయి అనే చిన్నచూపుకి ఇంతకంటే గట్టి జవాబు ఉంటుందా!

1980లో నాటక శిక్షణ సంస్థ పెట్టారు, అంటే ఫుల్‌టైమ్ టీచర్లు, స్టూడెంట్లు, ఖర్చులు. తీరిక వేళల్లో చేసే పని కాస్తా సంస్థగా మారింది ఇక్కడే. తర్వాత ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో జనస్పందన అని వేరే ఊళ్లలో వర్క్‌షాపులు చేశారు. బయటి డబ్బు ఎప్పటికీ ఉండదు కదా, మరి ఆ తర్వాత?

1985లో తిరుగాట అని ఊరూరా తిరిగి ఆడే నాటక బృందం మొదలుపెట్టారు. ఏటా కొత్త నాటకాలు తయారుచేసుకుని నెలల తరబడి కర్ణాటక అంతా తిరుగుతారు. సెట్ సామాను దించేదీ, లైట్లు కట్టేదీ, వేషం వేసేదీ వాళ్లే, ఆట అయిపోగానే అంతా మళ్లీ సర్దుకుని పక్క ఊరికి బయల్దేరాలి, అందుకే సెట్ కూడా మోసుకెళ్లగలిగేంతే ఉండాలి. హాలు చూసిపెట్టడం, భోజనాలు, టికెట్లు అమ్మడం మాత్రం ఏ ఊరికి ఆ ఊరి వాళ్లే చూసుకుంటారు. హెగ్గోడులో మొదలైన ఆ వాలంటీర్ పద్ధతి ఇలా పది ఊళ్లకి పాకింది, నాకైతే సుబ్బణ్ణకి 1991లో వచ్చిన మెగసెసే అవార్డు కంటే ఇదే పెద్ద విషయం.

2005లో ఆయన పోయారు. తర్వాత కొడుకు అక్షర, పాతవాళ్లు కలిసి నడిపించారు, తిరుగాట కూడా ఆగలేదు, ఎందుకంటే బయల్దేరే బృందం హెగ్గోడుదే అయినా దాన్ని పిలిచి ఆట వేయించుకునే మనుషులు అప్పటికే ఊరూరా ఉన్నారు.