30 క్రెడిట్లు అయిపోతే ఎం.ఎస్. అయిపోయినట్టేనా? ఇంజినీరింగ్ మాస్టర్స్ అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ మొదలైతే చాలు, నా ఇన్‌బాక్స్ నిండా ఒకటే రకం మెయిళ్ళు. "మేడమ్, నావి 30 క్రెడిట్లు అయిపోయాయి, కానీ ఆడిట్‌లో 27 అనే చూపిస్తోంది, సిస్టమ్‌లో ఏదో ఎర్రర్ ఉన్నట్టుంది, కొంచెం చూస్తారా?" చూస్తాను. (ఆడిట్ అంటే ఏ కోర్సు డిగ్రీకి లెక్కొచ్చిందో చూపించే పట్టిక.) సిస్టమ్‌లో ఎర్రర్ ఉండనే ఉండదని అనను, అప్పుడప్పుడూ ఉంటుంది. కానీ ఎక్కువసార్లు ఆ ఎర్రర్ ఏడాదిన్నర కింద మొదటి సెమిస్టర్‌లో ఎవరో సీనియర్ "ఈ కోర్సు పెట్టుకోరా, కళ్ళు మూసుకుని ఏ ఇస్తాడు" అన్న రోజున పడి ఉంటుంది.

నేను అమెరికాలో ఒక యూనివర్సిటీ ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్‌లో గ్రాడ్యుయేట్ అడ్వైజింగ్ చూస్తా. ఎవరి డిగ్రీ పూర్తయింది, ఎవరిది కాలేదు అని ఫైల్ తిరగేసి పైకి పంపే టేబుల్ నాదే. మన పిల్లలు నలుగురిలో ఉంటే మేడమ్ అంటారు, తలుపు వేశాక అక్కా అంటారు, తర్వాత ఏడుస్తారు. ఆ ఏడుపు చూడలేకే ఇది రాస్తున్నా. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం), ఓపీటీ (చదువయ్యాక ఉద్యోగం చేసుకునే పర్మిషన్), సీపీటీ (చదువుతుండగా చేసే పనికి పర్మిషన్), డీఎస్ఓ (వీసా వ్యవహారాలు చూసే యూనివర్సిటీ ఆఫీసర్) గురించి ఇంతకంటే వివరంగా ఇక్కడ చెప్పను, ఆ పాఠాలు మీకు వీసా ఇంటర్వ్యూకి ముందే వచ్చేసి ఉంటాయి.

అపోహ: 30 క్రెడిట్లు పాసైతే డిగ్రీ వచ్చేసినట్టే.

కొంప ముంచేది ఇదే. మిగతావన్నీ దీని ముందు చిన్న చిన్నవి.

మొదట ఆ 30 అనే అంకె అన్ని చోట్లా ఒకటి కాదు. సెమిస్టర్ పద్ధతి ఉన్న చోట ఎక్కువగా 30, కొన్ని చోట్ల 33, 36 కూడా ఉంటాయి. క్వార్టర్ పద్ధతి వేరు, స్టాన్‌ఫర్డ్‌లో అయితే 45 యూనిట్లు. సరే, మీది 30 అనే అనుకుందాం. ఆ 30 అంటే మీ ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పత్రం) కింద టోటల్‌లో కనిపించే 30 కాదు బాబూ, మీ డిగ్రీకి లెక్కలోకి వచ్చే 30. ట్రాన్స్‌క్రిప్ట్ మీద 34 ఉండి, లెక్కలోకి 27 వచ్చిన వాళ్ళని నేను ప్రతి ఏడాదీ చూస్తున్నా.

ఎక్కడ పోతాయంటే, అడ్మిషన్ లెటర్‌లో చివర చిన్న అక్షరాల్లో "ఈ కోర్సులు అదనంగా చేయాలి" అని రాసి ఉంటుంది, బ్రాంచ్ మారి వచ్చిన వాళ్ళకి ఎక్కువగా, అవి ఆ సెమిస్టర్ ఫుల్ టైమ్‌కి లెక్కొస్తాయి కానీ డిగ్రీకి రావు. అండర్‌గ్రాడ్ లెవెల్ కోర్సు అసలే రాదు, లేదా ఒకటి వరకే వస్తుంది. సీపీటీ కోసం రిజిస్టర్ చేసుకున్న ఆ ఒక్క క్రెడిట్ చాలా ప్రోగ్రాముల్లో రాదు. ఇండిపెండెంట్ స్టడీకి ఒక లిమిట్ ఉంటుంది, ప్రొఫెసర్ మంచాయన కదా అని మూడుసార్లు ఆయన దగ్గరే చేస్తే మూడోది గాల్లో కలుస్తుంది. వేరే డిపార్ట్‌మెంట్ కోర్సులకి ఇంకో లిమిట్. ఒకే కోర్సు రెండు డిపార్ట్‌మెంట్ల నంబర్లతో ఉంటే రెండుసార్లు తీసుకున్నా ఒకసారే. గ్రేడ్ బాలేదని మళ్ళీ చేసిన కోర్సుకి క్రెడిట్లు రెట్టింపు కావు, ఇది కూడా చెప్పాలా అనుకునేదాన్ని, చెప్పాల్సి వచ్చింది.

ఇవన్నీ ఎక్కడ రాసి ఉంటాయి అంటే మీరు చేరిన ఏడాది కేటలాగ్‌లో, అంటే యూనివర్సిటీ రూల్స్ పుస్తకంలో. మీ సీనియర్‌ది వేరే ఏడాది. మధ్యలో డిపార్ట్‌మెంట్ ఒక కోర్ కోర్సు మార్చి ఉండొచ్చు, ఆయనకి లెక్కొచ్చింది మీకు రాకపోవచ్చు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయన సంగతి ఆయన చెప్పాడు, అంతే. కానీ గ్రూపులో ఆ స్క్రీన్‌షాట్ మూడేళ్ళుగా తిరుగుతూనే ఉంటుంది, దాన్ని చూసి ఈ ఏడాది చేరినోడు కూడా ప్లాన్ ఆఫ్ స్టడీ (ఏ కోర్సులు చేస్తామో రాసిచ్చే ఫారం) నింపేస్తాడు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఒకబ్బాయి గుర్తొస్తాడు ఎప్పుడూ. మెకానికల్ బీటెక్, ఇక్కడ ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌లో ఎం.ఎస్. అడ్మిషన్ లెటర్‌లో ఒక స్టాటిస్టిక్స్ కోర్సు అదనంగా చేయమన్నారు, చేశాడు, ఏ వచ్చింది, దాన్ని కూడా కలుపుకుని పది కోర్సులు 30 క్రెడిట్లు అని లెక్క వేసుకున్నాడు. మేలో కమెన్స్‌మెంట్‌కి (స్నాతకోత్సవానికి) అమ్మానాన్నలకి టికెట్లు బుక్ చేశాడు. ఏప్రిల్‌లో ఆడిట్ చూసి నేనే పిలిచి చెప్పాల్సి వచ్చింది, ఒక కోర్సు తక్కువైంది నాయనా అని. వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి మాట, "అక్కా, మరి స్టేజి ఎక్కనిస్తారా?"

ఎక్కనిచ్చారు. చాలా యూనివర్సిటీల్లో ఇంకొంచెం మిగిలి ఉన్నా గౌను వేసుకుని నడవనిస్తారు, ఎందుకంటే ఆ రోజుకి ఎవరి ఆడిట్టూ పూర్తవదు, చివరి గ్రేడ్లు కూడా అప్పటికి పడవు. స్టేజి మీద చేతికిచ్చే ఆ ఫోల్డర్ ఖాళీగానే ఉంటుంది. వాళ్ళ నాన్నగారు దాన్ని తెరిచి "ఇందులో ఏం లేదేంట్రా" అన్నారట. పోస్ట్‌లో వస్తుంది నాన్నా అన్నాడట. అబద్ధమేం కాదులెండి, వచ్చింది, కాకపోతే ఎనిమిది నెలల తర్వాత.

ఎందుకంటే వాడికి కావాల్సిన కోర్సు సమ్మర్‌లో లేదు. ఫాల్ దాకా ఆగాలి. ఇక్కడ ఇంకో సంగతి, ఆ ఒక్క కోర్సేగా, ఆన్‌లైన్‌లో తీసుకుని వేరే ఊళ్ళో ఫ్రెండ్స్ దగ్గర ఉండి చేస్తానన్నాడు. కుదరదు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్న వాళ్ళకి ఒక టర్మ్‌లో ఫుల్ టైమ్ లెక్కలోకి వచ్చేది ఒక్క ఆన్‌లైన్ క్లాసే, అంటే 3 క్రెడిట్లు, చివరి టర్మ్‌లో మిగిలింది ఒకే ఒక్క కోర్సు అయితే అది ఆన్‌లైన్‌ది కాకూడదు. చివరి సెమిస్టర్‌లో తక్కువ కోర్సులతో ఉండొచ్చు గానీ దానికి డీఎస్ఓ పర్మిషన్ ముందే తీసుకోవాలి, క్లాసులు మొదలయ్యాక మెల్లగా చెప్తే కాదు. ఐ-20 ఎక్స్‌టెన్షన్ కూడా దాని మీద ఉన్న ఎండ్ డేట్ దాటకముందే అడగాలి. వాడి విషయం ఏప్రిల్‌లోనే బయటపడింది కాబట్టి, ఓపీటీ ఇంకా పెట్టలేదు కాబట్టి అన్నీ సర్దుకున్నాయి. కంపెనీ వాళ్ళు జాయినింగ్ జనవరికి జరిపారు. అందరికీ జరపరు.

సరే, ఏం చేయాలి అంటే పెద్ద పనేం కాదు. రెండో సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కి ముందు ఒకసారి, చివరి సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కి ముందు ఇంకోసారి డిగ్రీ ఆడిట్ తీసి, అడ్మిషన్ లెటర్ పక్కన పెట్టుకుని, ప్రతి కోర్సు ఏ గడిలో పడిందో వేలుపెట్టి చూసుకోండి. అనుమానం ఉంటే అడ్వైజర్‌ని మెయిల్‌లో అడగండి, ఫోన్లో వద్దు, కారిడార్‌లో ఆపి అసలే వద్దు. మెయిల్‌లో జవాబు ఉంటే రేపు నేను ఉద్యోగం మారినా ఆ మాట మిగులుతుంది.

అపోహ: బి మైనస్ కూడా పాసే కదా.

పాసే. కానీ చాలా ప్రోగ్రాముల్లో డిగ్రీ చేతికి రావాలంటే 3.0 జీపీఏ (గ్రేడ్ల సగటు) ఉండాలి, 2.99 ఉన్నా రాదు, రౌండ్ చేయరు. లెక్క చెప్తా చూడండి. తొమ్మిది కోర్సుల్లో ఆరు బి (3.0), మూడు బి మైనస్ (2.7) వచ్చాయనుకోండి. ఒక్కటీ ఫెయిల్ లేదు, ఇంట్లో వాళ్ళకి అన్నీ పాస్ అని చెప్పేశారు. జీపీఏ మాత్రం 2.9. ఇప్పుడు పదో కోర్సులో ఏ మైనస్ వస్తే, అంటే 3.7, మొత్తం 2.98 దగ్గర ఆగిపోతుంది. డిగ్రీ రాదు. పూర్తి ఏ (4.0) వస్తేనే 3.01కి వెళ్ళి గట్టెక్కుతారు. లేదంటే పదకొండో కోర్సు, దాని ఫీజు, దానికో సెమిస్టర్. కొన్ని చోట్ల మొత్తం జీపీఏ ఒకటి, ప్లాన్‌లో ఉన్న కోర్సుల జీపీఏ ఇంకొకటి, రెండూ 3.0 దాటాలి. కాబట్టి మొదటి బి మైనస్ వచ్చిన రోజే రండి నా దగ్గరికి, మూడోది వచ్చాక కాదు. తిట్టను. నిజంగా తిట్టను.

అపోహ: ఫెయిలైతే సప్లీ రాసుకోవచ్చు.

బీటెక్ అలవాటు ఇది. ఇక్కడ సప్లీ అనే మాటే లేదు. పోతే కోర్సు మొత్తం మళ్ళీ చేయాలి, మళ్ళీ ఫీజు కట్టాలి, ఆ కోర్సు ఏడాదికి ఒక్కసారే ఇచ్చేదైతే ఏడాది ఆగాలి. ఇన్‌కంప్లీట్ గ్రేడ్ అంటే కూడా సప్లీ కాదు, ఒంట్లో బాగోక చివర్లో కొంచెం పని మిగిలిపోయిన వాళ్ళకి ప్రొఫెసర్ ఇచ్చే గడువు అది, ఆ గడువు దాటితే చాలా చోట్ల దానంతట అదే ఎఫ్ అయిపోతుంది. ఆ ఐ అక్షరం ఉన్నంత కాలం మీ డిగ్రీ ఫైల్ కదలదు.

అపోహ: అన్నీ పూర్తి చేస్తే డిగ్రీ దానంతట అదే వస్తుంది.

ఊళ్ళో అలాగే వచ్చింది కదా, పరీక్షలు పాసయ్యాం, ప్రొవిజనల్, మార్క్స్ మెమో కాలేజీకి వచ్చాయి, వెళ్ళి సంతకం పెట్టి తెచ్చుకున్నాం. ఇక్కడ మీరు గ్రాడ్యుయేషన్‌కి అప్లై చేయాలి. చాలా చోట్ల దాని డెడ్‌లైన్ చివరి సెమిస్టర్ మొదటి వారాల్లోనే ఉంటుంది, కొన్ని చోట్ల అంతకు ముందు సెమిస్టర్‌లోనే. అది దాటితే పని మొత్తం పూర్తయినా డిగ్రీ తేదీ తర్వాతి టర్మ్‌కి జారుతుంది.

ఇది ఎవరో చెప్పిన కథ కాదు, నా కథే. నా ఎం.ఎస్. థీసిస్ డిఫెన్స్ (కమిటీ ముందు థీసిస్‌ని సమర్థించుకునే పరీక్ష) అయిపోయింది, కమిటీలో ముగ్గురూ సంతకాలు పెట్టారు, రూమ్మేట్లు కేక్ తెచ్చారు. రెండు రోజుల తర్వాత గ్రాడ్యుయేట్ స్కూల్ నుంచి ఒక లైన్ మెయిల్, ఈ టర్మ్ గ్రాడ్యుయేషన్ లిస్టులో మీ పేరు లేదు అని. నేను అప్లికేషన్ పెట్టలేదు. పెట్టాలని మా అడ్వైజర్‌కీ గుర్తు లేదు, ఆయన తలనిండా రీసెర్చే. ఒక్క క్రెడిట్‌కి డబ్బు కట్టి, చేయడానికి ఏ పనీ లేకుండా ఇంకో టర్మ్ రిజిస్టర్ అయి కూర్చున్నా. ఆ కేక్ ఫోటో ఇప్పటికీ చూడబుద్ధి కాదు. ఈ ఉద్యోగంలోకి ఎందుకొచ్చావు అని అడిగేవాళ్ళకి ఇదే చెప్తుంటా, సగం జోక్, సగం నిజం.

థీసిస్ మాట వచ్చింది కాబట్టి, థీసిస్ చేస్తేనే అసలు డిగ్రీ, కోర్సులతో చేసింది సగం డిగ్రీ అనేది ఒట్టి మాట, చాలా చోట్ల డిప్లొమా మీద ఆ తేడానే కనపడదు. పీహెచ్‌డీకి థీసిస్ పనికొస్తుంది, తప్పనిసరి కాదు. ఉద్యోగమే లక్ష్యం అయితే ఎవరో అన్నారని థీసిస్ తలకెత్తుకోకండి, దాని పూర్తి మీ ఒక్కరి చేతిలో ఉండదు. చేసేవాళ్ళకి ఒక్క మాట, డిఫెన్స్ అయిపోతే అయిపోయినట్టు కాదు, కమిటీ చెప్పిన సవరణలు, ఆ తర్వాత ఫార్మాట్ చెక్, ఫైనల్ అప్‌లోడ్, వీటన్నిటికీ వేరే వేరే డెడ్‌లైన్లు, సెమిస్టర్ చివరి రోజు కంటే చాలా ముందే ఉంటాయి. ఇంకా, మీ పనిలో పేటెంట్ వచ్చే సరుకు ఉంటే అప్‌లోడ్‌కి ముందే ప్రొఫెసర్‌తో మాట్లాడి ఎంబార్గో పెట్టించండి, అంటే కొంతకాలం థీసిస్ బయటికి రాకుండా ఆపించండి. థీసిస్ ఎవరు చదువుతారులే అనుకోవద్దు. జర్మనీలో ఫ్రైబుర్గ్ యూనివర్సిటీ లైబ్రరీలో కేటలాగ్‌కి ఎక్కిన ఒకే ఒక్క థీసిస్ కాపీ చూపించి, ఆ సంగతి ముందే బయటపడిందని అమెరికాలో ఒక పేటెంట్ అప్లికేషన్‌ని కాదన్నారు, 1986లో పేటెంట్ అప్పీళ్ళు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు కూడా అదే సరైనదంది. అప్పట్లో బీరువాలో ఉన్న పుస్తకానికే అంత, ఇప్పుడు మీది గూగుల్‌లో ఉంటుంది.

మిగతావి గబగబా.

డిప్లొమా చేతికొచ్చాకే ఓపీటీ పెట్టాలి అంటారు, తప్పు. ప్రోగ్రామ్ ఎండ్ డేట్‌కి 90 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఆ తేదీ తర్వాత 60 రోజుల లోపు అయినా పెట్టాలి, డీఎస్ఓ సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు సిస్టమ్‌లో) రికమెండ్ చేసిన 30 రోజుల లోపు అప్లికేషన్ చేరాలి. ఈ మూడూ కలిపి చూసుకోండి. తర్వాత 24 నెలల స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌కి (సైన్స్, ఇంజినీరింగ్ లాంటివి చదివిన వాళ్ళకి ఓపీటీ పొడిగింపు) మాత్రం డిగ్రీ ప్రూఫ్ అడుగుతారు.

సీపీటీ చేస్తే ఓపీటీ పోతుంది, ఇది సగం నిజం. ఫుల్ టైమ్ సీపీటీ 12 నెలలు లేదా అంతకు మించి చేస్తేనే పోతుంది. పార్ట్ టైమ్ దానికి లెక్క కాదు.

హెచ్-1బీలో (ఉద్యోగ వీసాలో) మాస్టర్స్ వాళ్ళకి విడిగా ఉండే 20,000 కోటాకి అన్నీ పూర్తి కావస్తున్నాయి అంటే చాలదు, పిటిషన్ ఫైల్ చేసే నాటికి డిగ్రీ సంపాదించి ఉండాలి. అందుకే డిగ్రీ తేదీ ఒక టర్మ్ జారితే పోయేది ఒక టర్మ్ మాత్రమే అనుకోకండి. ఆ యూనివర్సిటీ అక్రెడిటేషన్ (గుర్తింపు) ఉన్నదై, పబ్లిక్ లేదా నాన్-ప్రాఫిట్ అయి ఉండాలి కూడా, ఇది చేరకముందే చూసుకోవాల్సిన విషయం.

డిప్లొమా పోస్ట్‌లో రావడానికి వారాలు పడుతుంది, కంపెనీ తొందరపెడితే భయపడొద్దు, ట్రాన్స్‌క్రిప్ట్ మీద డిగ్రీ పడిన తేదీ ఉంటుంది, అదీ పడకపోతే పూర్తయిందని లెటర్ అడగండి, ఇస్తాం.

అన్నట్టు ఆ ఇండస్ట్రియల్ అబ్బాయి, ఆ జనవరిలో డిప్లొమా రాగానే ఇంటికి పంపించాడు. వాళ్ళ నాన్నగారు దాన్ని పట్టుకుని దిగిన ఫోటో నాకు పెట్టాడు. చూస్తే కాగితం తళతళ మెరుస్తోంది. ఒరిజినల్‌ని ల్యామినేషన్ చేయించొద్దని చెప్పడం మర్చిపోయాను.