కార్మికుల ఆరోగ్యంపై ఏళ్ల తరబడి సాగే స్టడీలు: అపోహలు - వాస్తవాలు

ఒక సంస్థలో పనిచేసేవాళ్లందరి పేర్లూ రాసుకుని, ఎవరికి ఏ జబ్బు వచ్చిందో, ఎవరు దేనితో చనిపోయారో ఇరవై ముప్పై ఏళ్లు గమనిస్తూ పోవడమే మా పని. వీటిని కోహార్ట్ స్టడీలంటాం. రిపోర్టు వచ్చాక యాజమాన్యం ఒకలా, యూనియన్ ఒకలా చదువుతాయి. రెండు వైపులా తరచూ వినే మాటలివి.

అపోహ: మా కార్మికుల్లో మరణాల రేటు బయటి జనం కంటే తక్కువ. అంటే పనిలో ప్రమాదం లేనట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువగా విసిగించేది ఇదే. బయటి జనంలో మంచాన పడ్డవాళ్లూ, ఏ పనీ చేయలేనివాళ్లూ ఉంటారు. ఉద్యోగంలోకి వచ్చేది ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు, చాలాచోట్ల మెడికల్ టెస్టు కూడా పాసైనవాళ్లు. వాళ్లలో మరణాలు తక్కువ ఉండటంలో వింతేముంది? అదే సంస్థలో దుమ్ము ఎక్కువ పీల్చిన విభాగాన్ని, తక్కువ పీల్చిన విభాగంతో పోల్చాలి.

అలా పోల్చినా జాగ్రత్త అవసరమే. లండన్ బస్సు డ్రైవర్ల కంటే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని 1953లో బ్రిటన్ పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం చూపింది. రోజంతా డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కి దిగడం వల్లేమో అనుకున్నారు. తర్వాత ఆయనే యూనిఫాం కొలతలు తిరగేస్తే, కుర్ర డ్రైవర్ల నడుము కొలత కూడా అదే వయసు కండక్టర్ల కంటే ఎక్కువే ఉంది. అంటే తేడాలో కొంత ముందునుంచే ఉండొచ్చన్నమాట. ప్యాంటు సైజుల్లో సాక్ష్యం వెతికిన ఆ బుర్రకు దండం పెట్టాలి!

అపోహ: మానేసినవాళ్లు, రిటైరైనవాళ్లు లెక్కలోకి రారు.

వాస్తవం: ముందు వెతకాల్సింది వాళ్లనే. ఆయాసం మొదలైనవాళ్లే ముందు మానేస్తారు, లేదా తేలిక పనికి మారతారు. ఇంకా డ్యూటీలో ఉన్నవాళ్లనే పరీక్షిస్తే ఊపిరితిత్తులు భేషుగ్గా కనిపిస్తాయి. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మెసోథీలియోమా క్యాన్సర్ బయటపడటానికి సాధారణంగా 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. అప్పటికి మనిషి పెన్షన్ తీసుకుంటూ ఉంటాడు. ఫ్యాక్టరీ మూతపడి కూడా ఉండొచ్చు.

అపోహ: ఇలాంటి స్టడీ చేయాలంటే ఏటా అందరికీ రక్తపరీక్షలు చేయాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. ఎవరు ఏ విభాగంలో ఎన్నాళ్లు చేశారో చెప్పే పాత రికార్డులు, మరణాల నమోదు దొరికితే గతం నుంచే స్టడీ మొదలుపెట్టొచ్చు.

అపోహ: ఇదంతా గనులు, ఫ్యాక్టరీల గొడవ.

వాస్తవం: 1967లో మొదలైన వైట్‌హాల్ స్టడీ బ్రిటన్ ప్రభుత్వ కార్యాలయాల్లోని సుమారు 18 వేల మంది పురుష ఉద్యోగుల మీద జరిగింది. పైస్థాయి అధికారుల కంటే అట్టడుగు ఉద్యోగుల్లో గుండెజబ్బు మరణాలు మూడు రెట్లకు పైగా ఉన్నాయి. పొగతాగడం, బీపీ, కొలెస్ట్రాల్ లెక్కలోకి తీసుకున్నా తేడా చాలావరకు అలాగే మిగిలింది.

అపోహ: నా జబ్బు పని వల్లే వచ్చిందని స్టడీ తేల్చేస్తుంది.

వాస్తవం: గుంపులో ముప్పు ఎంత పెరిగిందో మాత్రమే అది చెబుతుంది. మీ ఒక్కరి సంగతి తేల్చాలంటే మీరు ఎక్కడెక్కడ, ఏ పని, ఎన్నేళ్లు చేశారో డాక్టరుకు తెలియాలి. పాత పే స్లిప్పులు, ఐడీ కార్డులు పారేయకండి.