లిండా రాన్‌స్టాట్ గొంతు: అపోహలు – వాస్తవాలు

ఇరవై రెండేళ్లుగా గాత్రం నేర్పుతున్నాను. కర్ణాటక సంగీతంలో వర్ణాల దాకా వచ్చి, ఆ తర్వాత పాశ్చాత్య పాటలు పాడాలని ముచ్చటపడే పిల్లలే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. వాళ్లకు నేను మొట్టమొదట వినిపించే గొంతు అమెరికా గాయని లిండా రాన్‌స్టాట్‌ది. కంట్రీ (అమెరికా పల్లెల్లో పుట్టిన పాటల ఒరవడి), రాక్, ఒపెరెట్టా (తేలికపాటి సంగీత నాటకం), మా తాతల కాలం నాటి అమెరికన్ ప్రేమగీతాలు, మెక్సికో పాటలు, అన్నీ ఆ ఒక్క గొంతే పాడింది. ఆమె గురించి తరగతిలో పదే పదే వినపడే మాటలు కొన్ని ఉన్నాయి. ఆ మాటలు నమ్మి పిల్లలు తమ గొంతులు పాడుచేసుకోవడం కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

అపోహ: ఎక్కడ గిరాకీ ఉంటే అక్కడికి వెళ్లింది. అందుకే అన్ని రకాలూ పాడింది.

ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట. లిండా 1946లో అరిజోనాలోని టూసాన్‌లో పుట్టింది. మెక్సికో సరిహద్దుకు దగ్గరి ఊరు. తాత పుట్టింది సరిహద్దుకు అవతల, సొనోరాలో. తండ్రికి ఇనుప సామాన్ల కొట్టు ఉండేది. ఇంట్లో ఆయన మెక్సికన్ పాటలు పాడేవాడు. రేడియోలో కంట్రీ పాటలు మోగేవి. పదేళ్ల వయసు లోపు ఇంట్లో వినని పాటల జోలికి తాను ఎప్పుడూ పోలేదని ఆమె చాలాసార్లు చెప్పింది.

గిరాకీ మాటే అయితే లెక్క తిరగబడుతుంది. 1983లో, రాక్ గాయనిగా పెద్ద పేరున్న రోజుల్లో, గాయకుడు ఫ్రాంక్ సినాట్రాకు వాద్యబృంద రచన చేసిన నెల్సన్ రిడిల్‌ను వెతుక్కుంటూ వెళ్లి, పాతకాలపు పాటలతో 'వాట్స్ న్యూ' చేసింది. రికార్డు కంపెనీ పెద్దలు వద్దని మొత్తుకున్నారు. ఆ ఆల్బమ్ అమెరికాలోనే 30 లక్షలకు పైగా అమ్ముడైంది. 1987లో పూర్తిగా స్పానిష్‌లో 'కాన్సియోనెస్ దె మి పాద్రె' తెచ్చింది. ఆ పేరుకు అర్థం 'మా నాన్న పాటలు'. స్పానిష్ ఆమెకు ధారాళంగా రాదు; మాటమాటా నేర్చుకుని పాడింది. అది 20 లక్షలు దాటి, అమెరికాలో ఆంగ్లేతర భాషలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌గా పేరు తెచ్చుకుంది. ఇది హఠాత్తుగా పుట్టిన ఆలోచన కూడా కాదు. 1976 నాటి ఆల్బమ్‌లోనే తండ్రితోనూ, పాత సహచరుడు కెన్నీ ఎడ్వర్డ్స్‌తోనూ కలిసి రాసిన స్పానిష్ పాట ఒకటి పాడింది. పదకొండేళ్లు ఆ కోరికను కడుపులో దాచుకుంది.

అపోహ: కంట్రీ పాటకు సాధకం అక్కర్లేదు. మాట్లాడినట్టు పాడితే చాలు.

ముందుగా ఒక రికార్డు సంగతి. 1974 చివర్లో వచ్చిన ఆ చిన్న రికార్డుకు ఒకవైపు 'యు ఆర్ నో గుడ్'. అది 1975 ఫిబ్రవరిలో అమెరికా పాప్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. తిరగేస్తే హ్యాంక్ విలియమ్స్ పాత కంట్రీ పాట. పక్కన మరో గాయని ఎమ్మీలూ హారిస్ గొంతు. ఈ రెండోవైపు కంట్రీ పట్టికలో రెండో స్థానానికి వెళ్లి, కంట్రీ గాయనిగా ఆమెకు గ్రామీ తెచ్చింది. ఒకే పళ్లెం, రెండు ప్రపంచాలు, ఒకే గొంతు. రెండువైపులా వరుసగా పెట్టి వినండి. మొదటి పాటలో స్వరాన్ని గట్టిగా మోపి, అంచు పదునుగా ఉంచుతుంది. రెండో పాటలో అదే గొంతును వదులు చేసి, మాట చివర చిన్న విరుపు ఇస్తుంది.

ఆ విరుపు దగ్గరే అసలు పని ఉంది. ప్రతి గొంతుకూ కింద ఛాతీలో మోగే భాగం, పైన తలలో మోగే భాగం ఉంటాయి. రెండిటికీ మధ్య ఒక అతుకు ఉంటుంది. మన శిక్షణలో ఆ అతుకు కనపడకుండా చేయడానికే ఏళ్లు పడతాయి. పైభాగాన్ని దొంగగొంతు అని మా గురువుగారు దగ్గరికి రానిచ్చేవారు కాదు. నేనూ చాలా ఏళ్లు నా పిల్లలకు అదే చెప్పాను. కంట్రీలో మాత్రం ఆ అతుకును కావాలనే చూపిస్తారు. ఏడుపు గొంతుకు అడ్డం పడి మాట తెగినట్టు, స్వరం ఒక్క క్షణం పైభాగంలోకి జారి మళ్లీ కిందికి వస్తుంది. మనకు గమకం ఎంతో వాళ్లకు ఆ విరుపు అంత. అనుకున్న అక్షరం మీద, అనుకున్నంత సేపు గొంతు విరగాలి. సాధకం లేకుండా అది ఎలా కుదురుతుంది?

ఇంకో ముచ్చట. మెక్సికోలో వపాంగో అనే పాటల రకం ఉంది. అందులో ఇదే విరుపు ఇంకా పెద్దదై, గాయని దొంగగొంతులోకి ఎగిరి అక్కడే దీర్ఘంగా నిలబడుతుంది. 'లా సిగార్రా' వినండి. కీచురాయిలా పాడుతూనే ప్రాణం విడవాలని కోరుకునే పాట అది. హ్యాంక్ విలియమ్స్ పాటలో రవ్వంత మెరిసిన విరుపే అక్కడ ఆకాశమంత విచ్చుకుంటుంది. కంట్రీ నుంచి మెక్సికన్ పాటకు ఆమె దూకిందని అంటారు కానీ, గొంతు లోపలి నుంచి చూస్తే అది పక్కింటికి వెళ్లినంత దగ్గర.

అపోహ: పెద్ద గొంతు అంటే బలంగా అరవగలగడం.

పోయిన ఏడాది ఒక అబ్బాయి 'బ్లూ బాయూ' పాడతానని వచ్చాడు. రాయ్ ఆర్బిసన్ 1963లో పాడిన పాట. లిండా 1977లో పాడాక ఆమెదే అన్నంతగా స్థిరపడింది. పల్లవికి వచ్చేసరికి ఆ అబ్బాయి మెడ నరాలు ఉబ్బాయి, గడ్డం ముందుకు వచ్చింది. గడ్డం కింద నా రెండు వేళ్లు పెట్టి చూస్తే కండరం రాయిలా ఉంది. లిండా రికార్డు పెట్టి, ఎక్కడెక్కడ గట్టిగా పాడిందో వేలు ఎత్తి చూపమన్నాను. చరణమంతా వేలు లేవలేదు. అక్కడ ఆమె మంద్రంలో, పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పుకున్నట్టు పాడుతుంది. పల్లవిలో ఒక్కసారిగా గొంతు తెరుస్తుంది. పాట ముగింపులో, అందరూ కేక కోసం ఎదురుచూసే చోట, తారస్థాయిలో దొంగగొంతుతో సన్నగా స్వరం నిలిపి వదిలేస్తుంది. పల్లవి అంత పెద్దదిగా వినపడేది ముందు చరణం అంత చిన్నదిగా ఉండబట్టే. ఆ అబ్బాయికి రెండు వారాల పాటు చరణం మాత్రమే ఇచ్చాను, సగం గొంతుతో.

అపోహ: అంత గొంతు ఉంటే ఏదైనా పాడేయవచ్చు.

పాడలేం. 1980లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 'ది పైరేట్స్ ఆఫ్ పెంజాన్స్' ఒపెరెట్టాలో మేబెల్ పాత్ర వేసి మెప్పించింది. మరుసటి ఏడాది అది న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేకి వెళ్లి ఆమెకు రంగస్థల పురస్కారమైన టోనీకి నామినేషన్ తెచ్చింది. 1984లో 'లా బొయెమ్' ఒపెరాకు సాహసించింది; విమర్శకులు అంతగా మెచ్చుకోలేదు. ఒపెరాకు ఏళ్ల తరబడి వేరే శిక్షణ కావాలి. ఆ ప్రయత్నం చేసినందుకు నాకు ఆమె మీద గౌరవం పెరిగిందే కానీ తగ్గలేదు.

అపోహ: పాటలు రాయనివాళ్లు కళాకారులు కారు.

సుశీలమ్మ, జానకమ్మ పాటలు విని పెరిగిన మనం ఈ మాట అనకూడదు. కార్లా బోనాఫ్ అనే రచయిత్రి పాటలు మూడింటిని 1976లో ఒకే ఆల్బమ్‌లో పాడి ఆమెను లోకానికి పరిచయం చేసింది లిండాయే. మంచి పాటను గుర్తుపట్టి ఎంచుకోవడమూ కళే.

అపోహ: రాక్ పాటలు అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది.

కాదు. అరుపుల వల్ల వచ్చేవి స్వరతంతువుల మీద గట్టిపడే చిన్న బొడిపెలు. చాలావరకు విశ్రాంతితో, స్వర చికిత్సతో తగ్గుతాయి. లిండాకు వచ్చింది మెదడు జబ్బు. చివరి కచేరీ 2009లో. తనకు పార్కిన్సన్స్ అని 2013లో చెప్పింది. తర్వాత వైద్యులు దాన్ని ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీగా నిర్ధారించారు. అందులో గొంతు కండరాలకు మెదడు నుంచి సరైన ఆజ్ఞ అందదు. స్వరం ఎలా పలకాలో తెలిసి కూడా పలకలేని స్థితి అది. మీ గొంతు బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే మిరియాల కషాయంతో సరిపెట్టుకోకుండా చెవి ముక్కు గొంతు వైద్యుడికి చూపించుకోండి.

2019లో ఆమె మీద వచ్చిన డాక్యుమెంటరీ చివర్లో ఒక సన్నివేశం ఉంది. ఇంటి ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉంటుంది. కుటుంబంలోని ఇద్దరు మగవాళ్లు పక్కన చేరి ఒక మెక్సికన్ పాట అందుకుంటారు. ఆమె వాళ్లతో కలిసి, దాదాపు గుసగుసగా, తన వరుస తను పాడుతుంది. ఇది పాడటం కాదని ఆమే అంటుంది. శ్రుతి మాత్రం ఎక్కడా తప్పదు.