డిక్రీ వచ్చింది, డబ్బు రాలేదు: ఈపీ కష్టాల వెనక చరిత్ర

సరుకు తీసుకున్న కంపెనీ డబ్బు ఇవ్వలేదు. ఇన్‌వాయిస్‌లు, డెలివరీ చలాన్లు, బాకీ ఒప్పుకుంటూ వాళ్లు రాసిన లెటర్లు అన్నీ జతచేసి దావా వేశారు. వాయిదాల మీద వాయిదాలు తిరిగాక తీర్పు మీ వైపు వచ్చింది. అసలు, వడ్డీ, కోర్టు ఖర్చులు అన్నీ కలిపి ఇవ్వాలని డిక్రీలో, అంటే తీర్పును బట్టి కోర్టు ఇచ్చే ఆదేశంలో ఉంది. ఆ రోజు ఎంత సంతోషంగా ఉంటుందో, ఆ కంపెనీ అప్పటికీ పైసా కట్టడం లేదని తెలిసిన రోజు అంత టెన్షన్‌గా ఉంటుంది. తీర్పు ఇచ్చిన కోర్టు తనంతట తాను డబ్బు వసూలు చేసి పెట్టదు. దానికి మళ్లీ ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి. కోర్టు ఆవరణలో అందరూ ఈపీ అనేది దాన్నే. ఈపీ వేసినవాడికి మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న ఇది: "ఓడినవాడి ఆస్తులు ఎక్కడున్నాయి? షెడ్యూల్ (ఆస్తుల జాబితా) ఇవ్వండి."

బాకీ ఎగ్గొట్టినవాడిని కాకుండా గెలిచినవాడిని ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారు? ఇది ఒక్క రోజులో వచ్చిన పద్ధతి కాదు.

1872లో దర్భంగా సంస్థానానికి సంబంధించిన ఒక కేసులో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో భారత కేసులకు చివరి అప్పీలు కోర్టు, ఒక మాట అంది. భారతదేశంలో దావాదారు కష్టాలు డిక్రీ చేతికి వచ్చాకే మొదలవుతాయని దాని సారాంశం. నూట యాభై ఏళ్లు దాటినా సుప్రీంకోర్టు తన తీర్పుల్లో ఆ మాటను మళ్లీ మళ్లీ గుర్తు చేసుకోవాల్సి వస్తోంది. అప్పటికే దేశంలో సివిల్ ప్రొసీజర్ కోడ్ ఉంది. మొదటిది 1859లో వచ్చింది, తర్వాత 1877లోనూ 1882లోనూ తిరగరాశారు. ఇప్పుడు మనం వాడుతున్నది 1908 నాటి కోడ్. అందులో డిక్రీ అమలుకు సంబంధించిన ఆర్డర్ 21లోనే వందకు పైగా రూల్స్ ఉన్నాయి. కాబట్టి చట్టంలో దారులు లేక ఈ ఇబ్బంది రాలేదు.

కోడ్‌లు రాకముందు బాకీ వసూలు ఎలా ఉండేదో చూస్తే కొంత అర్థమవుతుంది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం అప్పు రాబట్టుకోవడానికి ఐదు మార్గాలు చెప్పింది: ధర్మం, వ్యవహారం, ఛలం, ఆచారం, ఐదోది బలం. వ్యవహారం అంటే న్యాయస్థానానికి వెళ్లడం. అది ఐదింటిలో ఒకటి మాత్రమే. బాకీ ఉన్నవాడి గుమ్మం ముందు తిండి మానేసి కూర్చోవడం కూడా ఒక పద్ధతిగా చాలాకాలం నడిచింది. మనం ఇప్పుడు రోడ్ల మీద చేసే ధర్నాకు ఆ పేరు అక్కడిదే. కూర్చున్నవాడికి ఏమైనా అయితే ఆ పాపం ఇంటివాడికి చుట్టుకుంటుందన్న భయమే అప్పుడు వసూలు సాధనం. 1860లో ఇండియన్ పీనల్ కోడ్ రాసినవాళ్లు దైవాగ్రహం పేరుతో బెదిరించడాన్ని 508 సెక్షన్‌లో నేరం చేస్తూ, ఉదాహరణగా చూపింది కూడా గుమ్మం ముందు ధర్నా కూర్చున్న మనిషినే.

రోమ్‌లో పద్ధతి ఇంకా కఠినంగా ఉండేది. క్రీస్తుపూర్వం 450 ప్రాంతంలో వచ్చిన పన్నెండు పలకల చట్టం తీర్పు తర్వాత 30 రోజుల గడువు ఇచ్చింది. అప్పటికీ కట్టకపోతే అప్పిచ్చినవాడు ఆ మనిషిని పట్టుకుని గొలుసులతో 60 రోజులు ఉంచుకోవచ్చు. అయినా డబ్బు రాకపోతే నది అవతలకు తీసుకెళ్లి బానిసగా అమ్మేయొచ్చు. తీర్పు అమలంటే అక్కడ మనిషి ఒంటి మీదే అమలు.

ఆ చెయ్యి మనిషి ఒంటి మీద నుంచి అతని ఆస్తి మీదకు మారడానికి చాలా శతాబ్దాలు పట్టింది. ఇంగ్లండ్‌లో బాకీదారులను జైల్లో పెట్టే పద్ధతి 1869 చట్టంతో చాలావరకు పోయింది. మన దేశంలో ఆ మార్పు రైతుల కడుపుమంట నుంచి వచ్చింది. 1875లో పుణె, అహ్మద్‌నగర్ ప్రాంతాల్లో రైతులు వడ్డీ వ్యాపారుల మీద తిరగబడి బాండ్లు, డిక్రీ కాగితాలు తగలబెట్టారు. నాలుగేళ్ల తర్వాత, 1879లో, దక్కన్ రైతుల సహాయ చట్టం వచ్చింది. డబ్బు డిక్రీ కోసం రైతును అరెస్టు చేయకూడదని అది చెప్పింది. 1908 కోడ్‌లోని 60వ సెక్షన్ కూడా ఇలాంటి ఆలోచనతోనే కట్టుబట్టలు, వంటపాత్రలు, చేతివృత్తులవాళ్ల పనిముట్లు, రైతు వ్యవసాయ సామగ్రి జప్తు చేయకూడదంది. 1936లో 51వ సెక్షన్‌కు ఒక షరతు చేర్చారు. కట్టే స్తోమత ఉండీ ఎగ్గొడుతున్నాడనో, ఆస్తి దాచేస్తున్నాడనో, పారిపోయేలా ఉన్నాడనో కోర్టుకు నమ్మకం కుదిరితే తప్ప బాకీదారును సివిల్ జైలుకు పంపకూడదన్నది ఆ షరతు. అరెస్టు ఈపీల్లో లాయర్లు 'మీన్స్ (కట్టే స్తోమత) నిరూపించాలి' అనే మాట అక్కడి నుంచే వచ్చింది. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ దీన్ని జీవించే హక్కు, స్వేచ్ఛ గురించి చెప్పే రాజ్యాంగంలోని 21వ అధికరణంతో ముడిపెట్టారు. కేవలం కట్టలేకపోయినందుకు జైల్లో పెట్టడం అన్యాయమన్నారు.

ఇదంతా సరైన మార్పేనని నేను నమ్ముతాను. పేదవాడిని అప్పు కోసం జైల్లో పెట్టే రోజులు మళ్లీ రాకూడదు. కానీ ఈ రక్షణలు రూపుదిద్దుకుంటున్న కాలంలోనే పక్కన ఇంకో కథ నడిచింది. 1857 చట్టంతో ఇక్కడ పరిమిత బాధ్యత గల కంపెనీలు వచ్చాయి. కంపెనీ వేరు, దాని యజమాని వేరు అని 1896లో ఇంగ్లండ్ హౌస్ ఆఫ్ లార్డ్స్ సాలమన్ కేసులో తేల్చింది. మన కోర్టులూ ఆ సూత్రాన్నే పాటిస్తున్నాయి. భాగస్వామ్య సంస్థ మీద డిక్రీ వస్తే ఆర్డర్ 21లోని 50వ రూల్ ప్రకారం, నోటీసు అందుకున్న భాగస్వాముల సొంత ఆస్తుల దాకా వెళ్లొచ్చు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ మీద డిక్రీ అయితే, డైరెక్టర్ హామీ ఇచ్చి ఉంటేనో మోసం రుజువైతేనో తప్ప, అతని ఇంటి జోలికి పోవడం చాలా కష్టం. కంపెనీ పేరు మీద మిగిలేది ఒక్కోసారి అద్దె ఆఫీసు, నాలుగు కుర్చీలు, ఖాళీ బ్యాంకు ఖాతా. అదే మనుషులు అదే వ్యాపారాన్ని ఇంకో పేరుతో నడుపుతూ కనిపిస్తారు. ఉన్నది పోగొట్టుకున్నవాడి కోసం కట్టిన గోడ వెనక, ఉండీ ఇవ్వనివాడు కూడా నిలబడుతున్నాడు.

గెలిచినవాడు షెడ్యూల్ ఇచ్చాడే అనుకుందాం. కోర్టు అమీనా, అంటే కోర్టు ఆదేశాలు అమలు చేసే ఉద్యోగి, జప్తుకు వెళ్తాడు. గోడౌన్‌లో సరుకు మాది అంటూ మూడో మనిషి క్లెయిమ్ పిటిషన్ వేస్తాడు. స్థలం మీద బ్యాంకు తనఖా బయటపడుతుంది. వేలం దాకా వెళ్తే ధర తక్కువ వచ్చిందనో, ప్రకటన సరిగ్గా జరగలేదనో ఇంకో పిటిషన్. ఇందులో ప్రతి రూల్‌కూ న్యాయమైన కారణం ఉంది, నిజంగా ఆస్తి పోగొట్టుకోబోయే మూడో మనిషిని కాపాడటానికే అవి పుట్టాయి. ఎగవేసేవాడి చేతిలో మాత్రం అవన్నీ వాయిదాలు కొనుక్కునే దారులవుతాయి.

వ్యాపార బాకీల్లో వీటన్నిటికంటే పనికొచ్చేది గార్నిషీ అని నాకనిపిస్తుంది. ఓడిన కంపెనీకి వేరేవాళ్లు ఇవ్వాల్సిన డబ్బును, దాని బ్యాంకు ఖాతాలో ఉన్న డబ్బును నేరుగా కోర్టుకు కట్టమని ఆదేశించే పద్ధతి ఇది. 1976 సవరణలో 46ఎ నుంచి 46ఐ దాకా రూల్స్ చేర్చి దీనికి పూర్తి రూపం ఇచ్చారు. నడుస్తున్న వ్యాపారానికి భూమి లేకపోవచ్చు, కొనేవాళ్లు మాత్రం ఉంటారు. తమ కస్టమర్‌కు కోర్టు నోటీసు వెళ్లిందని తెలిస్తే, ఏళ్ల తరబడి ఫోన్ ఎత్తనివాళ్లు కూడా మాట్లాడటానికి వస్తారు.

అయితే ఆ కస్టమర్ ఎవరో, ఆ ఖాతా ఏ బ్యాంకులో ఉందో తెలియాలి కదా. మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చాం. నిజానికి దీనికి జవాబు 1908 కోడ్‌లోనే ఉంది. ఆర్డర్ 21లోని 41వ రూల్ కింద బాకీదారును కోర్టుకు పిలిచి ఆస్తుల గురించి ప్రమాణం మీద అడగొచ్చు. బాకీదారు కంపెనీ అయితే దాని అధికారిని పిలవొచ్చు. 1976లో దీన్ని ఇంకా గట్టి చేశారు. 30 రోజులైనా డబ్బు కట్టకపోతే ఆస్తుల వివరాలతో అఫిడవిట్ ఇమ్మని కోర్టు ఆదేశించొచ్చు, ఆ ఆదేశం పాటించకపోతే మూడు నెలల దాకా సివిల్ జైలు. ఇక్కడ జైలు బాకీ కట్టనందుకు కాదు, నిజం చెప్పనందుకు. కృష్ణయ్యర్ అడిగిన మానవత్వానికీ, గెలిచినవాడి హక్కుకూ రెండింటికీ సరిపోయే రూల్ ఇది. ఇంత మంచి రూల్ ఉండగా ఆస్తులు వెతికే భారం ఇప్పటికీ గెలిచినవాడి నెత్తినే ఉండటం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

గడువు సంగతి కూడా చెప్పాలి. 1908 లిమిటేషన్ చట్టం కింద మామూలు డిక్రీ అమలుకు మూడేళ్లే గడువు. మధ్యలో ఏదో ఒక చర్య తీసుకుంటే ఆ మూడేళ్లు మళ్లీ మొదలయ్యేవి. మొత్తం మీద పన్నెండేళ్లు దాటకూడదు. 1963 చట్టం ఆ లెక్కలన్నీ తీసేసి 136వ ఆర్టికల్‌లో నేరుగా 12 ఏళ్లు ఇచ్చింది.

కోర్టు అమలు నెమ్మదిగా ఉండటంతో వ్యాపారులు పక్కదారులు వెతుక్కున్నారు. చెక్కు బౌన్స్ 1989 ఏప్రిల్ 1 నుంచి నేరమైంది. 1956 కంపెనీల చట్టం కింద, బాకీ కట్టలేని కంపెనీని మూసేయమని అడిగే వీలుండేది. డిక్రీ అమలు కాకుండా తిరిగొస్తే కంపెనీ కట్టలేని స్థితిలో ఉందనడానికి అదే ఆధారం. చిన్న పరిశ్రమలకు 2006 చట్టం 45 రోజులు దాటిన బాకీ మీద బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇచ్చింది. 2016లో దివాలా చట్టం వచ్చాక చాలామంది అటు పరుగెత్తారు, కానీ 2020 మార్చిలో దాని కింద కేసు వేయడానికి ఉండాల్సిన కనీస బాకీని లక్ష నుంచి కోటికి పెంచారు. పైగా ఇంకెవరో ఆ కంపెనీని దివాలా ప్రక్రియలోకి తీసుకెళ్తే ఆ చట్టం 14వ సెక్షన్ మారటోరియం (వసూళ్లపై తాత్కాలిక నిలుపుదల) కింద మీ ఈపీ ఎక్కడికక్కడ ఆగిపోతుంది.

2021 ఏప్రిల్‌లో రాహుల్ షా కేసులో సుప్రీంకోర్టు ఈపీని ఆరు నెలల్లో తేల్చాలని, ఆలస్యమైతే కారణాలు రాయాలని చెప్పింది. డబ్బు దావాల్లో ఇంకో ముఖ్యమైన మాట కూడా చెప్పింది. ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన వివాదాంశాలు) ఖరారు చేయకముందే ప్రతివాదిని తన ఆస్తులు ప్రమాణం మీద వెల్లడించమని కోర్టు అడగొచ్చు. అంటే డిక్రీ వచ్చేలోపు ఆస్తులు చేతులు మారితే ఆ మార్పు కాగితం మీద కనిపిస్తుంది. దావా నడుస్తున్నప్పుడే ఈ దరఖాస్తు పెట్టమని మీ లాయర్‌ను అడగండి. డిక్రీ వచ్చాక అడిగితే అప్పటికి చాలా ఆలస్యం అయిపోతుంది.

2025 మార్చిలో సుప్రీంకోర్టు పెండింగ్ ఈపీల లెక్కలు తీసి ఆరు నెలల్లో తేల్చాలని దేశంలోని హైకోర్టులకు చెప్పింది. ఆ గడువు అయ్యాక అక్టోబర్‌లో లెక్క చూస్తే, మూడు లక్షలకు పైగా తేలినా, ఇంకా 8.82 లక్షల ఈపీలు మిగిలే ఉన్నాయి. కోర్టు ఇంకో ఆరు నెలలు ఇచ్చింది.