గోస్తనీ మొగలో భీమిలి పాత గోడలు

విశాఖ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని పోతే, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట భీమిలి వస్తుంది. అక్కడి పాత కట్టడాలను కాపాడాలన్న మాట వచ్చినప్పుడల్లా అందరూ డచ్చివారితో మొదలుపెట్టి వాళ్ల సమాధుల దగ్గరే ఆగిపోతారు. ఈ కథలో సగం గోస్తనీ ఒడ్డు పొలాలదని ఎవరికీ గుర్తుండదు.

డచ్చి ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దంలో, గోల్కొండ సుల్తానుల కాలంలో, ఇక్కడ వర్తకం పెట్టింది. వాళ్లకు కావలసింది నేతబట్టలు, బియ్యం. ఓడలు లోతునీళ్లలో లంగరేసేవి, సరుకు పడవల మీద వెళ్లేది. 1754లో మరాఠాలు ఊరిని దోచుకున్నారు. 1781లో ఒకసారి, 1795లో మరోసారి ఇంగ్లీషువాళ్లు ఆక్రమించుకున్నారు. చివరికి ఇంగ్లీషువాళ్లూ డచ్చివాళ్లూ చేసుకున్న 1824 ఒప్పందం ప్రకారం మరుసటి ఏడాది భీమిలి పూర్తిగా ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది.

ఊరికి అసలు కళ వచ్చింది ఆ తర్వాతే. 1861లో మునిసిపాలిటీ అయింది. నూనెగింజలు, నీలిమందు, తోళ్లు పదును చెయ్యడానికి వాడే కరక్కాయలు ఇక్కణ్ణుంచి ఓడలెక్కాయి. వాటితోపాటు గోస్తనీ ఒడ్డు పొలాల గోగునార. మనం పప్పులో వేసుకునే గోంగూర జాతి మొక్కే అది. నిలువెత్తు పెరిగాక కోసి, మోపులు కట్టి, చెరువులోనో వాగులోనో ఊరేసేవారు. బెరడు మెత్తబడి, ఊరంతా కంపు కొట్టే వేళకి మొలలోతు నీళ్లలో నిలబడి నార ఒలిచేవారు. ఉతికి ఆరేసిన ఆ నారకి విదేశీ మార్కెట్లో ‘బిమ్లీ జూట్’ అని ఈ ఊరి పేరే పడింది. చిట్టివలసలో గోస్తనీ పక్కనే జూట్ మిల్లు లేచింది. భీమిలి పాత వీధుల్లోని కొట్లకీ గోదాములకీ పునాది ఆ సరుకే. వాటిని చూడకుండా ఒక్క సమాధి రాళ్లనే చరిత్ర అనుకోవడం నాకెప్పుడూ వింతే.

రైలు మార్గం భీమిలిని తాకకుండా విజయనగరం మీదుగా వాల్తేరు వెళ్లింది. 1933లో విశాఖ హార్బరు తెరుచుకుంది. వర్తకం అటు మళ్లింది. పాత ఇళ్లను పడగొట్టి కొత్తవి కట్టేంత డబ్బు ఊళ్లో తిరగలేదు కాబట్టి అవి మిగిలాయి. ఎవరో శ్రద్ధగా కాపాడారనుకోనక్కర్లేదు.

ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. 2009లో చిట్టివలస మిల్లు మూతపడింది. 2013లో భీమిలి విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. బీచ్ రోడ్డు వెంట స్థలాలకు రేటొచ్చింది. పాత మండువా ఇంటి కన్నా దాని కింది స్థలమే ఖరీదు. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడమైతే చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం చెయ్యకూడదని చట్టం. ఏ జాబితాకీ ఎక్కని ఇంటికి ఆ గీత ఉండదు. దగ్గర్లోని ఎర్రమట్టి దిబ్బలకైనా 2014లో జాతీయ భూవారసత్వ గుర్తింపు దక్కింది, అదొక ఊరట.

కూల్చని చోట బాగుచెయ్యడమే చేటు. ఈ గోడలు ఇటుకా గానుగ సున్నంతో కట్టినవి. ఉప్పుగాలికి తేమ పీల్చుకుంటాయి, ఎండకి వదిలేస్తాయి. పైన సిమెంటు పూత వేశారంటే తేమ లోపలే చిక్కుకుంటుంది. ఉప్పు పొడి గడ్డకట్టి ఇటుక లోపల్నుంచి పిండిలా రాలుతుంది. బయటికి మాత్రం గోడ తళతళలాడుతూ రంగుతో కనిపిస్తుంది. రెండు మూడు వానాకాలాలకి పూత పెచ్చులూడుతుంది, దాంతోపాటు ఇటుక ముఖం కూడా పోతుంది. సున్నం పనికి మేస్త్రీ దొరకడం కష్టమే, ఖర్చూ ఎక్కువే. సొంతిల్లు ఉన్న సామాన్యుడు ఆ ఖర్చు ఎందుకు పెట్టుకోవాలని అడిగితే జవాబివ్వాల్సింది ప్రభుత్వమే.

ముందుగా కావలసింది ఒక జాబితా. పాత పన్ను పుస్తకాలూ, దస్తావేజులూ తిరగేస్తే ఏ ఇల్లు ఏ కాలానిదో, ఏది ఒకప్పటి గోదామో చాలావరకు తేలుతుంది. ఆ జాబితాలో డచ్చి సమాధులతోపాటు గోగునార దాచిన కొట్లూ, చిట్టివలస మిల్లు షెడ్లూ ఉండాలి.