అపోహలు - వాస్తవాలు: ఈటా కెరీనే రేపో మాపో పేలి మన మీద పడదు

ఈటా కెరీనే చాలా దూరంలో ఉన్న ఒక జంట తార. దాన్ని గమనించే ఖగోళ శాస్త్రవేత్తల్లో నేనొకడిని. అయిదున్నరేళ్లకోసారి నాకు ఒకే ప్రశ్న వస్తుంది. "ఈటా కెరీనే నుంచి ఎక్స్-రేలు ఆగిపోయాయట, పేలబోతోందట, నిజమేనా?" ఈసారి ఒక తల్లి రాశారు. ఏదో వీడియో చూసినప్పటి నుంచి ఆమె పదేళ్ల కొడుకు రాత్రి దీపం ఆర్పనివ్వడం లేదట. ఆ పిల్లవాడి కోసమే ఇది రాస్తున్నాను. వీడియో చేసినవాళ్లకు చెప్పినా దండగే.

ఎక్స్-రేలు తగ్గిన మాట నిజం. తగ్గకపోతేనే మేము కంగారు పడాలి. అక్కడున్నవి రెండు తారలు. పెద్దది దాదాపు 90 సూర్యుల బరువు, చిన్నది 30. పెద్దదాని గాలి, అంటే తార నుంచి బయటికి వీచే వాయువు, చిక్కన, సెకనుకు సుమారు 420 కిలోమీటర్ల వేగం. చిన్నదాని గాలి పలచన, వేగం మాత్రం 3,000. రెండూ ఢీకొన్నచోట వాయువు కోట్ల డిగ్రీలకు వేడెక్కి ఎక్స్-రేలు చిమ్ముతుంది. 5.54 ఏళ్లకోసారి చిన్న తార పెద్దదాన్ని చేరువగా, సూర్యుడికి అంగారకుడు ఉన్నంత దూరంలో చుట్టి వెళ్తుంది. అప్పుడు ఆ వేడి ప్రాంతం చిక్కని గాలి చాటుకు పోతుంది, దాని ఎక్స్-రేలు మనదాకా రావు. తాకిడి కూడా కొన్ని వారాలు చెదిరిపోతుందని మాలో చాలామంది అంటారు. ఈ ఆవృత్తిని 1996లోనే బ్రెజిల్ ఖగోళ శాస్త్రవేత్త దామినెలి పట్టుకున్నారు. 1998, 2003, 2009, 2014, 2020... ప్రతిసారీ ఇదే తంతు.

నేనూ ఒకసారి బెదిరినవాడినే. 2014 జులైలో ఎక్స్-రేల గ్రాఫు మీద చుక్కలు రోజురోజుకూ దిగజారుతుంటే పరుగున వెళ్లి మా సీనియర్‌కు చూపించాను. ఆయన మాట్లాడకుండా పాత ఆవర్తనం గ్రాఫును దాని మీద పరిచారు. దిగే గీత దిగే గీత మీద కూర్చుంది. ఎక్స్-రేలు కోలుకునే తేదీ మాత్రం ప్రతిసారీ కొంచెం మారుతుంది. మా తగువులన్నీ దాని గురించే.

సరే, ఎప్పుడో ఒకనాడు పేలుతుంది. పేలితే? దూరం 7,500 కాంతి సంవత్సరాలు. సూపర్‌నోవా, అంటే తార చివరి పేలుడు, మనకు హాని చేయాలంటే పదుల కాంతి సంవత్సరాల దూరంలో ఉండాలి. గామా కిరణాల ధార వచ్చినా తార అక్షం వెంటే వస్తుంది. ఆ అక్షం మన చూపు రేఖకు 40 డిగ్రీలు పక్కకు వాలి ఉంది.

"ఇప్పటికే పేలిపోయిందేమో" అంటారు కొందరు. అయితే ఏమిటి? ఆ కిరణాలూ కాంతితో పాటే రావాలి కదా.

ఇది ఇదివరకూ ఒకసారి చెలరేగింది. 1843లో తారలన్నిటిలో సిరియస్ తరువాత ఎక్కువగా వెలిగింది ఇదే. అది సూపర్‌నోవా కాదు. పది సూర్యులకు మించిన పదార్థం పోగొట్టుకుని కూడా తార బతికింది. ఫొటోల్లో కనిపించే జంట బుడగల హోమంక్యులస్ నీహారిక అప్పుడు ఎగసిన దుమ్మే. తరువాత తార మసకబారడానికి కారణమూ ప్రధానంగా ఆ దుమ్మే. ఆ ఫొటోల్లో రంగులు చాలావరకు మేము అద్దినవి.

ఆ తల్లికి ఇదంతా రాసి పంపాను. మరునాడు పిల్లవాడి నుంచి ఒక్క వాక్యం వచ్చింది: "మళ్లీ ఎప్పుడు దగ్గరికి వస్తాయి?" 2031 తొలి నెలల్లో అని జవాబిచ్చాను.